ఊహాగ్రహమూ, దాని ఆకాశమూ

లేని గ్రహమొకదానిని కల్పించటం కథకునికి కష్టమైన పని కాదు. దానిపై ఇద్దరు చంద్రులను నిలిపి, ఎర్రని సూర్యుని ఉదయింపజేస్తే చాలు, భూమిని విడిచి వచ్చితినని పాఠకుడు నమ్ముతాడు. కాని నాలుగు పుటలు గడిచేసరికి ఆ రెండవ చంద్రుడు గోడకు తగిలించిన పటమై మిగిలిపోతాడు. అక్కడి జనులు మనవలెనే తెల్లవారి లేచి, మనవలెనే ప్రొద్దు గ్రుంకగానే ఇల్లు చేరుతుంటారు. ఆకాశాన్ని మార్చినవాడు పంచాంగాన్ని కూడా మార్చవలెనన్న సంగతి చాలమందికి తోచదు.

తోచినవారిలో ఐజాక్ అసిమోవ్ ఒకడు. 1941లో వెలువడిన ‘నైట్‌ఫాల్’ కథలో లగాష్ గ్రహానికి ఆరుగురు సూర్యులు. 2049 ఏండ్లకొక్కసారి మాత్రమే అక్కడ చీకటి పడుతుంది. రాత్రినెరుగని జనం నక్షత్రాలను చూచి మతి తప్పి, వెలుతురు కొరకు తమ నగరాలనే తగులబెట్టుకుంటారు. ఆ చీకటికి కారణం కంటికి కానరాని ఉపగ్రహమొకటి అని అక్కడి పండితులు గణితంచేత కనుగొంటారు. రాహుకేతువులను ఛాయాగ్రహాలుగా ఎరిగిన పాఠకునికి ఇది మరీ వింత కాదు.

సత్యజిత్ రాయ్ దారి వేరు. 1961లో ‘సందేశ్’ పత్రికలో వచ్చిన ప్రొఫెసర్ శొంకు తొలి కథలో, శాస్త్రజ్ఞుడు పిల్లిని, పనివానిని వెంటబెట్టుకొని అంగారకుని మీదికి, అటుపై టాఫా అనే కల్పిత గ్రహానికి పోతాడు. టాఫాలోని చీమల వంటి ప్రాణులు గుర్తుంటాయి, ఆకాశం గుర్తుండదు. హాస్యకథకు అది లోపం కాదు.

ఈ విషయంలో ఇద్దరికంటె ముందు నడచినవాడు, కథకుడే కాని భాస్కరాచార్యుడు. 1150లో రచించిన ‘సిద్ధాంత శిరోమణి’లోని గోళాధ్యాయంలో చంద్రుని ఊర్ధ్వభాగాన వసించే పితరుల దినచర్యను అతడు రెండు శ్లోకాలలో ముగించాడు. మనకు తలపైనున్న చంద్రుడు వారికి కాలిక్రింది నేల. అమావాస్యనాడు సూర్యుడు వారి నడినెత్తిన నిలుస్తాడు కనుక అది వారి మధ్యాహ్నం, పూర్ణిమ అర్ధరాత్రి. కృష్ణపక్షం నడుమ వారికి తెల్లవారుతుంది, శుక్లపక్షం నడుమ ప్రొద్దు గ్రుంకుతుంది. మనుస్మృతి కూడా మాసాన్ని పితరుల అహోరాత్రంగానే చెప్పింది. కాని కృష్ణపక్షమంతా పగలు, శుక్లపక్షమంతా రాత్రి అన్నది. భాస్కరుడు నమ్మికను త్రోసిపుచ్చలేదు; దానిని గోళంమీద నిలిపి చూచాడు, పగటి సరిహద్దు ఒక అర్ధపక్షం ప్రక్కకు జరిగింది. అలంకారమేదీ లేకున్నా ఈ శ్లోకాలను కల్పనాసాహిత్యమనవలసిందే. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3 ల్యాండరు కూడ ఇంచుమించు 14 రోజుల ఆ ఒక్క పగటివేళకే పని చేసింది.

ఇట్టి ఆకాశాన్ని ఊహించటానికి తెలుగు పాఠకుడు భూమిని విడువనక్కరలేదు. ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లకు పోయినా చాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలున్నవి. తెలుగువారి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒరియా, హిందీ కుటుంబాల నెల పూర్ణిమతో ముగుస్తుంది. వంగీయుల నెల సూర్యుని రాశిని బట్టి నడుస్తుంది. ఒకే రాత్రి తెలుగింట మాఘ బహుళ చతుర్దశి, హిందీ ఇంట ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. శివరాత్రి మాత్రం ఇద్దరికీ అదే. ఈ లెక్కలను వాడుకగా ఎరిగినవానికి, కాలమనేది ఆకాశంలో వ్రాసి పెట్టి లేదనీ, చూచేవాడు నిలిచిన తావునుబట్టి, ఎంచుకొన్న గురుతునుబట్టి ఏర్పడుతుందనీ వేరే చెప్పనక్కరలేదు. కల్పిత గ్రహాల రచయితలలో పెక్కుమందికి కొరవడినది ఈ ఎరుకే. తిథి, పక్షం, అధికమాసం వంటి మాటలు ‘తేదీ’ అన్న ఒక్క మాట క్రింద మరుగుపడితే, తెలుగు కథకుడు తన గ్రహానికి అరువు పంచాంగమే తెచ్చుకోవలసి వస్తుంది.

దీపావళి అమావాస్యనాడు తెలుగింట దీపాలు, వంగీయులకు కాళీపూజ, ఒరియావారు కాగడాలు వెలిగించి పితరులను పిలుస్తారు. ఆనాడు భాస్కరుని పితరులకు మిట్టమధ్యాహ్నం. 1959లో లూనా-3 ఛాయాచిత్రం తీసేవరకు మనుష్యుడు చూడని ఆవలి పార్శ్వం వారిది. ఆ నేలపై నిలిచినవారికి భూమి ఎన్నడూ ఉదయించదు, కాగడాలు కనిపించవు.