కోట తలుపు తెరిచినది ఎవరు?
(సైనిక చరిత్ర నుండి ఆత్మీయ పోరాట పాఠములు: ఒక విమర్శనాత్మక పరిశీలన)

1798 నాటి సైన్య సహకార ఒప్పందము వలన ఇంగ్లీషువారి దళములు నిజాము రాజ్యములో స్థిరపడినవి. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసెను. తిరుమలగిరి ఆ కంటోన్మెంటులోని భాగమే. ఇక్కడి ఆల్ సెయింట్స్ దేవాలయము మొదట తెల్లదొరల సైనికుల ఆరాధన కొరకు కట్టబడినది. నేటికిని ఈ పరిసర సంఘములలో సైనికులు, మాజీ సైనికులు, వారి కుటుంబములు ఆరాధనకు వచ్చుచున్నారు. కావున ఇక్కడి ప్రసంగ వేదికలపై యుద్ధ కథలు వినబడుట వింత కాదు. అయితే ఆ కథలను మనము ఏ విధముగా వాడుచున్నామో పరిశీలించుకొనవలసిన అవసరత కలదని మేము తలంచుచున్నాము.

1. గోల్కొండ సాదృశ్యము

మన నగరములో ఆత్మీయ పోరాటమును గూర్చిన ప్రసంగమునకు అందరికంటె ముందు అందివచ్చు కథ గోల్కొండ ముట్టడి. 1687లో ఔరంగజేబు సైన్యము సుమారు ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టినను అది లొంగలేదు. చివరకు సెప్టెంబరు నెలలో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అను కోటలోని అధికారి ద్రోహియై ద్వారము తెరిపించెను. ప్రసంగి ఇక్కడ ఆగి, శత్రువునకు తలుపు తీసినవాడు లోపలివాడే గదా, నీ హృదయములో ఆ తలుపు ఏది అని అడుగును.

ఈ సాదృశ్యము బలహీనమైనది కాదు. గోల్కొండ పతనమునకు ఐదేండ్ల ముందు, 1682లో, జాన్ బన్యన్ తన ‘ది హోలీ వార్’ గ్రంథములో ఇదే తలంపును విస్తరించెను. ఆయన వర్ణించిన మాన్‌సోల్ పట్టణమునకు పంచేంద్రియములే ఐదు ద్వారములు. పట్టణస్థుల సమ్మతి లేనిదే ఆ ప్రాకారము కూలదు. యౌవనమందు పార్లమెంటు సైన్యములో పనిచేసిన బన్యన్ ఆ అనుభవమును ఆత్మ విషయమునకు మళ్లించెను. కాని ఆయన కట్టినది కల్పిత పట్టణము. మనము వాడుచున్నది నిజమైన మనుష్యులు చనిపోయిన కోట. ఈ భేదమును మన ప్రసంగములు తరచుగా మరచుచున్నవి.

2. చరిత్ర చెప్పునది

మొదటిగా, ఆ తలుపు ఒక్క రాత్రిలో తెరువబడలేదు. 1685లోనే గోల్కొండ సేనాధిపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల పక్షము చేరెను. ఆ యేడే హైదరాబాదు నగరము దోపిడికి గురియాయెను. 1686లో మంత్రులైన అక్కన్న, మాదన్నలు హత్య చేయబడిరి. ముట్టడి కాలములో వర్షములు, కరవు రెండు పక్షములను బాధించెను. మొగలులు కోటగోడ క్రింద పెట్టిన మందుగుండు వారి మనుష్యులనే చంపెను. అనగా ద్రోహము చాలాకాలము నుండి పండుచు వచ్చిన ఫలము. విశ్వాసి పతనము కూడ సాధారణముగా ఇట్లే జరుగును. “ఒక బలహీన క్షణము” అను మాట కంటె ఈ దీర్ఘమైన చరిత్రయే మంచి పాఠము. కథను కుదించినందున పాఠమును కూడ కుదించుచున్నాము.

రెండవదిగా, అబ్దుల్ రజాక్ లారీ సంగతి. ఆ రాత్రి తన ప్రభువైన తానీషా కొరకు ఒళ్లంతా గాయములగువరకు పోరాడిన ఈ సేనానిని మన ప్రసంగులు నమ్మకమైన విశ్వాసికి గుర్తుగా చూపుదురు. అయితే ఔరంగజేబు వైద్యులను పంపి ఆయనను బ్రదికించెను. కొంతకాలమునకు లారీ ఔరంగజేబు కొలువులోనే చేరెను. ఈ చివరి భాగము మేము విన్న ప్రసంగములలో లేదు. అది ఉన్నయెడల సాదృశ్యము చెడును. సాదృశ్యము చెడునని చరిత్రను దాచినయెడల, సత్యమను దట్టి కట్టుకొనుమని చెప్పుచు మనమే దానిని విప్పివేసినవారమగుదుము.

3. లేఖనము చెప్పునది

ఎఫెసీ 6:10-20 ను చదివినప్పుడు మూడు సంగతులు గమనింపదగినవి. 12వ వచనములో పౌలు వాడిన గ్రీకు పదము ‘పాలే’. దాని అర్థము మల్లయుద్ధము. అది క్రొత్త నిబంధనలో మరెక్కడను లేదు. సైన్యముల యుద్ధము కంటె దేహమునకు దేహము తగులు పెనుగులాట అక్కడ కనబడుచున్నది. 11, 13, 14 వచనములలో మరల మరల వచ్చు ఆజ్ఞ నిలువబడుడని. దేశములను జయించుడని కాదు. మరియు ఆ క్రియలు బహువచనములు. సర్వాంగ కవచము ఒంటరి వీరునికి గాక సంఘమునకు ఇయ్యబడినది.

ఆ కవచము కూడ కేవలము రోమా సైనికుని చూచి వ్రాసినది కాదు. నడికట్టు యెషయా 11:5 లోను, నీతి అను మైమరపు, రక్షణ అను శిరస్త్రాణము యెషయా 59:17 లోను ముందే కలవు. 59వ అధ్యాయములో వాటిని ధరించినవాడు దేవుడే. ఇట్లు వ్రాసిన పౌలు చేతిలో ఖడ్గము లేదు. 20వ వచనము ప్రకారము ఆయన సంకెళ్లలోనున్న రాయబారి.

4. శత్రువు ఎవరు?

మా ముఖ్యమైన ఆక్షేపణ ఇది. సాదృశ్యములో ఆత్మ గోల్కొండయైతే సాతాను ఔరంగజేబగును. ముట్టడించినవాడును, ముట్టడింపబడిన తానీషాయును, ద్రోహియు, నమ్మకస్థుడును ముస్లిములే అను సంగతిని ప్రసంగి చెప్పడు. వినువాని మనస్సులో మిగులునది తన వీధిలోని పొరుగువాని ముఖము. పోరాటము రక్తమాంసములతో కాదని చెప్పు వచనమునే బోధించుచు, రక్తమాంసములుగల పొరుగువానిని శత్రువుగా నిలుపుచున్నాము.

1948 సెప్టెంబరు 13న మొదలైన హైదరాబాదు సైనిక చర్య విషయములోను ఇదే ప్రమాదము. ఐదు దినములలో ముగిసిన ఆ విజయమును “విశ్వాసముతో త్వరితగతిని జయము” అని చూపుట తేలిక. రజాకార్ల దౌర్జన్యములు నిజమే. అయితే ఆ చర్య తరువాత జరిగిన హింసలో 27,000 నుండి 40,000 మంది చనిపోయియుందురని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసెను. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందలేదు. ఆ సంఖ్యను ప్రశ్నించువారున్నను, ఆ మృతుల బంధువులు ఇంకను మన మధ్యనున్నారు. వారి దుఃఖము మన మూడవ పాయింటునకు అలంకారము కారాదు. యుద్ధములో భర్తను పోగొట్టుకొనిన స్త్రీ మన సంఘములోనే మొదటి వరుసలో కూర్చుండి వినుచుండవచ్చును.

5. ముగింపు

సైనిక చరిత్రను వేదిక నుండి తొలగించుడని మేము చెప్పుట లేదు. పౌలు కూడ 2 తిమోతి 2:3-4 లో సైనికుని శ్రమను, క్రమశిక్షణను చూపెను. అయితే ప్రసంగము సిద్ధపరచునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈ కథ చివరి వరకు చెప్పినను నిలుచునా? దీనిని నా ముస్లిము పొరుగువాడు, సైనికుని విధవరాలు వినుచుండగా చెప్పగలనా? ఈ పాఠము కథలో నుండి వచ్చినదా, వాక్యములో నుండి వచ్చినదా? వీటిలో ఒక్కదానికైనను జవాబు చెప్పలేనియెడల, ఆ కథ ఎంత రంజుగానున్నను విడిచిపెట్టుట వాక్యపరిచర్యకు క్షేమము.

15వ వచనములో పౌలు సైనికుని పాదములకు తొడిగినది సమాధాన సువార్త. గోల్కొండ కథను చెప్పి మందిరము నుండి బయటకు వచ్చిన విశ్వాసి, ఆ జోడుతో తన పొరుగువాని ఇంటి గుమ్మము వరకు నడువగలుగునా అనునదే మన ప్రసంగమునకు పరీక్ష.