36వ పేజీ

ఉద్యోగాలకు పంపే కవరింగ్ లెటర్‌కు కాలం చెల్లిందనీ, రెజ్యూమె సరిగా ఉంటే చాలుననీ ఈ వారం మళ్లీ ఎవరో రాయగా చదివాను. ఆ మాటకు కారణం లేకపోలేదు. ఏ ఉత్తరం తీసినా మొదటి వాక్యం ఒక్కటే: మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో చేరి నా నైపుణ్యాలకు పదును పెట్టుకోవాలని ఆశిస్తున్నాను. కంపెనీ పేరు మారిస్తే ఎవరికైనా పనికొస్తుంది. ఇలాంటి మూస దరఖాస్తుల మీద ఈ కాలమ్‌కున్న కోపం పాఠకులకు కొత్త కాదు. ఈసారీ తప్పంతా మూసదేనని తేల్చేయవచ్చు. కానీ 1912 ఫిబ్రవరి 9న శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టుకు పెట్టుకున్న దరఖాస్తు అందుకు అడ్డం వస్తోంది.

ఎందుకంటే అదీ మూసలో రాసిందే. తమ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసింది, దయచేసి నాకు ఇప్పించ ప్రార్థన అన్న వరసే. ఉన్నవి నాలుగైదు వాక్యాలు. ఆ మర్యాదల నడుమ మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాననీ, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) దాకా చదివాననీ, పరిస్థితులు కలిసిరాక చదువు ఆగిందనీ, కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నాననీ చెప్పారు. ఎఫ్.ఏ. తప్పిన సంగతికి అబద్ధం అతికించలేదు. ఆగిన చదువుకు ఒక్క వాక్యం ఇచ్చి ముందుకు వెళ్లారు, జాలి కోరలేదు. బెర్నౌలీ సంఖ్యల మీద ఆయన వ్యాసం అంతకు ముందు ఏడాదే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఊసైనా ఎత్తలేదు. అకౌంట్స్ విభాగానికి కావలసింది అంకెలతో పని చేయగల మనిషి. ఆయన అంతవరకే చెప్పారు. మార్చి 1న ఉద్యోగంలో చేరారు.

అది ఉత్తరం మహిమ కాదు, సిఫార్సు మహిమ అని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిందే. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫార్సు చేశారు. నెల్లూరు కలెక్టర్‌గా ఉన్న రామచంద్రరావు అండ ఉంది. పోర్టు ట్రస్టు చీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యర్ గణితం తెలిసినవారు. కాబట్టి ఉత్తరం సత్తా తేలాలంటే 1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి రాసింది చూడాలి. అక్కడ ముఖపరిచయం లేదు. అదే విశ్వవిద్యాలయంలో వేరే పెద్దలకు రాసినవి అప్పటికే ఫలించలేదు. ఈ ఉత్తరమూ వినయంగానే మొదలవుతుంది. ఏడాదికి 20 పౌండ్ల జీతం మీద పోర్టు ట్రస్టులో గుమాస్తాను, విశ్వవిద్యాలయం చదువు లేదు అంటారు. కాసేపటికే హార్డీ రాసిన ‘ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ’ పుస్తకంలో 36వ పేజీకి వెళ్తారు. ఫలానా సంఖ్య లోపు ప్రధాన సంఖ్యలు ఎన్నో చెప్పే కచ్చితమైన సూత్రం ఇంకా దొరకలేదని మీరు అక్కడ అన్నారు, అసలు విలువకు చాలా దగ్గరగా వచ్చేది నా దగ్గర ఉంది అంటారు. మీరు రాసింది చదివాను, మీకు దొరకనిది ఇదిగో అనడమన్నమాట. కవరింగ్ లెటర్‌లో ఇంతకంటే గట్టి వాక్యం నేనెరగను.

ఆ సూత్రం ఆయన అనుకున్నంత కచ్చితం కాదని తర్వాత తేలింది. హార్డీని, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్‌ను ఒప్పించినవి ఉత్తరానికి జతచేసిన సూత్రాల కాగితాలు. అలాగని ఉత్తరం వృథా అనలేం. ఆ కాగితాలను పక్కన పడేయకుండా చూడమని అడిగింది అదే. ఏడాది కూడా తిరగకుండా ఒకే మనిషి ఒకచోట సూత్రాలు దాచి, ఇంకోచోట వాటినే ముందు పెట్టారు. వినయపు మూస రెండింట్లోనూ ఉంది, రెంటికీ హాని చేయలేదు. మనవాళ్ల ఉత్తరాల్లో మూసను కొట్టేసినా లాభం లేనిది అందుకే. కింద ఏమీ మిగలదు.

ఇప్పుడు ఏఐని అడిగితే ఆ 36వ పేజీ కూడా అదే వెతికి పెడుతుందని అంటారు. పేజీ వెతుకుతుంది సరే, దానికి మన దగ్గరున్న జవాబు ఏదన్నది మనమే చెప్పాలి. క్యాంపస్ సెలక్షన్లలో ఉత్తరం ఎవరు అడుగుతారన్నది న్యాయమైన ప్రశ్న. గ్రూప్స్ దరఖాస్తులోనూ దానికి చోటు లేదు, అక్కడ రాయనక్కర్లేదు. చిన్న కంపెనీకో, బడికో, పరిశోధన సంస్థకో మెయిల్ పెట్టేటప్పుడు మాత్రం చదివేది మనిషే కావచ్చు. ఫ్రెషర్‌కు చెప్పుకోవడానికి ఏముంటుందన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. నలుగురు కలిసి హాస్టల్ మెస్ బిల్లుల యాప్ చేశారనుకుందాం. ‘టీమ్‌వర్క్‌లో అనుభవం ఉంది’ అని రాస్తే ఆ నలుగురిలో ఎవరైనా రాయగలరు. ‘నెల మధ్యలో గది మారిన విద్యార్థికి రెండు బిల్లులు పడుతుంటే ఆ తప్పు పట్టుకుని సరిచేసింది నేను’ అని ఒక్కరే రాయగలరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీకి ఆ వాక్యాన్ని మొదటి పేరాలోనే పెట్టాలి, పైన ‘గౌరవనీయులైన సర్’ ఉన్నా ఫర్వాలేదు.