రంపానికి లొంగే ఊతం

పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయిన మనిషి ఆస్పత్రి నుంచి ఇల్లు చేరాడంటే, మన ఇళ్లలో వెంటనే వడ్రంగం పని మొదలవుతుంది. దూలానికి గిలక వేలాడుతుంది, గోడకు జీఐ పైపు బిగుస్తుంది, పెరట్లో రెండు సరుగుడు వాసాలు లేస్తాయి, తాతగారి చేతికర్ర అటక దిగుతుంది. చూసినవాళ్లలో కొందరు డబ్బుల్లేని తంటాలని జాలిపడతారు, కొందరు ఎంత ప్రేమో అని మురిసిపోతారు. జాలీ మురిపెమూ పక్కన పెట్టి చూస్తే, ఇంట్లో చేసిన సాధనం అంగడి సరుకును మించేది ఒక్క విషయంలోనే అనిపిస్తుంది: దాన్ని కోయొచ్చు, విప్పొచ్చు, వారం తిరిగేసరికి ఇంకోలా కట్టొచ్చు. పక్షవాతం నుంచి కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వడిగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి వారంలో కూర్చోలేని మనిషి పదో వారానికి గుమ్మం దాకా నడవచ్చు. అలాంటి ఒంటికి ఒకే కొలత వస్తువు ఎన్నాళ్లు సరిపోతుంది?

మంచాన్నే తీసుకోండి. నవారు మంచం నేలకు దగ్గరగా ఉంటుంది, మధ్యలో కుంగుతుంది. ఒక కాలు సహకరించని మనిషికి ఆ పల్లంలోంచి లేవడం గగనమే. అందుకే ఇంట్లోవాళ్లు చంకల్లో చేతులు పెట్టి లేపుతారు. పట్టుతప్పిన భుజానికి అది చేటు. నవారు మీద చెక్క పరిచి, కోళ్ల కింద గుంట తొలిచిన దిమ్మలు పెడితే (ఇటుకలు వద్దు, జారతాయి) కూర్చున్నప్పుడు తుంటి మోకాలికన్నా కాస్త ఎత్తులో ఉంటుంది, పాదాలు రెండూ నేలకు ఆనతాయి. కాస్త సాయంతో మొదలై, తనంతట తానే లేవడం అలవాటవుతుంది. చాలా ఇళ్లలో పని ఇక్కడితో ఆగిపోతుంది. అసలు పని ఇక్కడే మొదలుకావాలి. లేవడం సులువయ్యాక దిమ్మను కొంచెం కోయాలి, కొన్నాళ్లకు ఇంకొంచెం. తగ్గిన ప్రతి అంగుళమూ కాలికి కొత్త కసరత్తే. ఎత్తు తగ్గించగల ఆస్పత్రి మంచంతో అయ్యేదీ ఇదే. అది అద్దెకు తెచ్చుకున్న ఇంట్లోనూ ఆ ఎత్తు మార్చాలని ఎవరికీ తోచకపోతే ఫలితం సున్నా.

పెరటి వాసాల దగ్గర ఒక తమాషా ఉంది. ఒక చెయ్యే పనిచేసే మనిషికి రెండు వాసాలెందుకని అడగొచ్చు. కుడిచెయ్యి బాగున్నవాడు పోయేటప్పుడు కుడివైపు వాసం పట్టుకుంటాడు. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగితే అదే చేతికి రెండోది అందుతుంది. కాబట్టి రెండూ కావాలి, ఎత్తు తుంటి దగ్గరికి, నడుముకు అటూఇటూ బెత్తెడు ఖాళీతో. నడక కుదిరాక కర్ర. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. తాతగారు పొడగరి అయితే మమకారం పక్కనపెట్టి ఆ కర్రను కోయాల్సిందే. దాన్ని పట్టాల్సింది బాగున్న చేత్తో. పడిపోయిన వైపే ఊతం కావాలి కదా అని ఆ చేతికివ్వబుద్ధి అవుతుంది. పిడికిలి బిగించలేని చేతిలో కర్ర నిలవదు.

ఇలా సొంత తెలివితో చేస్తే ప్రమాదం కాదా? అవుతుంది, అందుకు గిలకే సాక్ష్యం. పడిపోయిన చేతికి తాడు కట్టి, బాగున్న చేత్తో లాగి పైకెత్తించే ఆ ఏర్పాటు చూడ్డానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ 1990లో అచ్చయిన 28 మంది మీది ఒక చిన్న అధ్యయనంలో, గిలకతో కసరత్తు చేసినవాళ్లలో 62 శాతం మందికి భుజం నొప్పి పట్టుకుంది. ఫిజియోథెరపిస్టు చేత్తో కదిలించినవాళ్లలో అది 8 శాతం, చక్రాల పలక మీద చెయ్యి ఆనించి కదిపినవాళ్లలో 12 శాతం. అమెరికా స్ట్రోక్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు కూడా తలపై గిలక వద్దనే చెప్పాయి. కండరాలు వదులైన భుజంలో కీలు తన చోట నిలవదు. పై నుంచి లాగితే లోపలి మెత్తని భాగాలు నలుగుతాయి. దిమ్మా ఇంట్లో చేసిందే, గిలకా ఇంట్లో చేసిందే. దిమ్మ మీద బలహీనమైన కాలు తన సత్తువ మేరకు పనిచేస్తుంది; గిలక కింద బలహీనమైన చెయ్యి ఇంకొకరి బలానికి ఈడ్వబడుతుంది. నేను చూసే తేడా ఇదే, ఇల్లూ అంగడీ తేడా కాదు. వాకర్‌కు పడిపోయిన చేతిని గుడ్డతో కట్టేయడాన్నీ ఈ లెక్కనే తప్పంటాను. పడబోతే ఆ చెయ్యి వదిలించుకునే దారే లేదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మన దేశం నుంచే వచ్చింది. ఇంటివాళ్లకే శిక్షణనిచ్చి ఇంట్లో కసరత్తు చేయిస్తే ఎలా ఉంటుందని 14 ఆస్పత్రుల్లో 1250 మంది రోగులతో జరిపిన అటెండ్ ప్రయోగ ఫలితాలు 2017లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఆరు నెలలకు, మరణించినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లూ కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా మెరుగేమీ లేదు. కుటుంబ సేవను ఆకాశానికెత్తే మనలాంటివాళ్లకు చేదైన సంగతే. దీన్ని దాటేసి మాట్లాడటం నిజాయితీ కాదు. అయితే అందులో పరీక్షకు నిలిచింది ఇంటివాళ్ల శిక్షణ, మంచాల ఎత్తు కాదు. కొడుకో కోడలో ఫిజియోథెరపిస్టుకు బదులు కాలేరని మాత్రం దాన్నుంచి తీసుకోవచ్చు. వాళ్లు మంచి వడ్రంగులు కాగలరు; నేనడిగేదీ అంతే.

ఇదంతా సర్కారు చేయాల్సిన పని, పేదల తెలివిని పొగిడి దాన్ని తప్పించకండి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కాన్పూరులోని అలిమ్‌కో 1972 నుంచి ఉంది. చక్రాల కుర్చీ అక్కడినుంచో అలాంటి చోటినుంచో రావాలి. బ్రేకు లేకుండా ప్లాస్టిక్ కుర్చీకి చక్రాలు తగిలించడం ఆత్మహత్యా సదృశం. కానీ ఫ్యాక్టరీకి మన గడప ఎత్తు తెలియదు. జారిపోయే పాదానికి ఇచ్చే ప్లాస్టిక్ పట్టీని చాలా రకాల్లో బూటులో పెట్టి వేసుకోవాలి. ఇంట్లో బూటు వేసుకునే అలవాటు మనకెక్కడిది, అది మూలన పడుతుంది. 1968లో జైపూరులో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన కృత్రిమ పాదం, వట్టికాళ్లతో నడిచి బాసింపట్టు వేసుకు కూర్చునేవాళ్లను చూసి పుట్టింది కాబట్టే జనం వాడారు. మెక్సికోలోని అహోయా అనే పల్లెలో వికలాంగులే నడిపిన పనిశాల అనుభవంతో డేవిడ్ వెర్నర్ 1987లో ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ రాశాడు. కర్రలతో ఏం చేయాలన్నది అందులో బొమ్మలతో సహా ఉంది. ఇక్కడ జిల్లా ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లే ఉంటే చాలదు. మంచం ఎత్తు ఇంత, కర్ర పొడవు ఇంత, గిలక వద్దు, నెల తర్వాత మళ్లీ కొలిచి చూడండి అని నాలుగు ముక్కలు రాయడానికి ఫిజియోథెరపిస్టుకు పట్టే సమయం ఎంత?