చెట్ల నీడన పూసే తోట

లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు రాజభవనమూ వంతెనలూ ఎలాగూ చూస్తారు. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో అక్కడుంటే మాత్రం ఒక రోజంతా రిచ్‌మండ్ పార్కుకు కేటాయించాలి. నగరానికి నైరుతిలో దాదాపు 2,500 ఎకరాల్లో ఉన్న ఈ పార్కుకు 1637లో మొదటి చార్లెస్ రాజు వేట కోసం ప్రహరీ కట్టించాడు. ఇప్పటికీ 600కు పైగా జింకలు అందులో యథేచ్ఛగా తిరుగుతున్నాయి. ఆ పార్కు లోపలే, విడిగా కంచె వేసిన 40 ఎకరాల తోపు ఇసబెల్లా ప్లాంటేషన్. అడవి నీడలో పూలు పెంచే ఇంగ్లండ్ పద్ధతిని కళ్ళారా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

కంచె దాటకముందే దాని అవసరం అర్థమవుతుంది. బయటి చెట్లకు జింక మెడ చాచి అందుకోగలిగినంత ఎత్తు వరకు ఒక్క లేతాకు మిగలదు. లోపల అడుగుపెట్టగానే సన్నటి వాగులు, వాటికి రెండు వైపులా విరగబూసిన అజేలియాలు. గులాబి, ఊదా, తెలుపు, ఎరుపు. కొన్ని పొదల్లో ఆకు కనబడనంత పువ్వు. నిశ్చలంగా ఉండే చిన్న కొలను దగ్గర పూలు ఒడ్డున కొన్ని, నీళ్ళలో కొన్ని ఉన్నట్టు తోస్తుంది.

ఈ పద్ధతి రాకముందు, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పూలతోట అంటే అద్దాల గదుల్లో పెంచిన మొక్కలను తెచ్చి, ముగ్గు వేసినట్టు మళ్ళలో పరిచి, రుతువు మారగానే పీకేయడం. విలియం రాబిన్సన్ అనే తోటమాలి దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1870లో రాసిన ‘ది వైల్డ్ గార్డెన్’లో, ఏ దేశపు మొక్కనైనా అది తనంతట తాను బతకగల చోట నాటి వదిలేయమన్నాడు. అప్పటికే వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ సిక్కిం హిమాలయాల నుంచి, అజేలియాలు కూడా చేరే రోడోడెండ్రాన్ జాతి మొక్కల విత్తనాలు రకరకాలు పంపి ఉన్నాడు. కొండ అడవుల్లో పెరిగిన ఆ మొక్కలకు ఎండ మళ్ళకన్నా చెట్ల నీడే నప్పింది. అడవి నీడలో పూలు పెంచే వనోద్యానం ఇలా ఊపిరి పోసుకుంది.

ఇసబెల్లాలో ఓక్, బీచ్, చెస్ట్‌నట్ చెట్లను 1831లో పార్కు ఉప సంరక్షకుడు లార్డ్ సిడ్‌మత్ కలప కోసం నాటించాడు. పూలతోట మాత్రం 1950లలో పార్కు పర్యవేక్షకుడు జార్జ్ థామ్సన్, ప్రధాన తోటమాలి వాలీ మిల్లర్ కలిసి చేసింది. వాళ్ళు ముందుగా చేసింది కొట్టేయడం. పాంటికం అనే మొండి రోడోడెండ్రాన్ తోపులో దట్టంగా అల్లుకుపోయి, కింద గడ్డిపోచను కూడా మొలవనివ్వలేదు. దాన్ని చాలామేర తొలగించాకే కొత్త మొక్కలకు చోటు దొరికింది.

నీడలో పూలు పెంచే ఈ విద్యలో సగం వెలుగును కొలవడమే. చెట్లన్నీ ఉంచితే కింద చీకటి. కొట్టేస్తే ఎండకు నేల పొడిబారుతుంది. అందుకే బలహీనమైన చెట్లను, కింది కొమ్మలను మాత్రం తీసి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడేలా చూస్తారు. వేళ్ళు లోతుకు దించి, పలుచని నీడనిచ్చే ఓక్ దీనికి అనువైనది. బీచ్ నీడ చిక్కన, వేళ్ళు పైపైన. దాని కింద ఏదీ సరిగ్గా పెరగదు. ఓక్ పూర్తిగా ఆకు తొడిగేలోపే బ్లూబెల్ దుంపలు పూసి తమ పని ముగించుకుంటాయి. వాటికి అందే ఎండ ఆ కొద్ది వారాలదే.

మిగతా సగం నేలది. అజేలియాలకు ఆమ్లగుణం ఉన్న నేల కావాలి, ఎప్పుడూ కాస్త చెమ్మ ఉండాలి. వాటి వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక మొదళ్ళ దగ్గర గునపం పెట్టకూడదు. రాలిన ఆకు అక్కడే కుళ్ళి ఎరువవుతుంది. మన పెరళ్ళలో ఊడ్చి తగలబెట్టేది సరిగ్గా దాన్నే! ఇక నాటడంలో వరస ఉండదు. గుంపులు గుంపులుగా, వాగు ఒంపును బట్టి నాటుతారు. 1918లో మొక్కల సేకర్త ఎర్నెస్ట్ విల్సన్ జపాన్‌లోని కురుమేలో ఏరిన 50 రకాల అజేలియాల సేకరణ ఇక్కడుంది. ఆరుబయట వాటి రంగులు కళ్ళకు గుచ్చుకుంటాయి. ఓక్ నీడలో మెత్తబడి అందగిస్తాయి. నీడలో నాటడంలోని గొప్పతనం నాకు అక్కడే కనిపించింది.

పూలకన్నా నేను విలువనిచ్చేది మరొకటుంది. ఇక్కడ పడిపోయిన మానును చెత్తగా చూడరు. పుచ్చిన కలపను తింటూ స్టాగ్ బీటిల్ అనే కొమ్ముల పురుగు పిల్లలు ఏళ్ళ తరబడి నేలలో పెరుగుతాయి. వడ్రంగిపిట్టలు తొలిచిన తొర్రల్లో రామచిలుకలు కాపురముంటాయి. మన జామచెట్ల మీద వాలేవే! పంజరాల నుంచి తప్పించుకున్న వాటి సంతతి లండన్‌లో అర్ధశతాబ్దంగా గుడ్లు పెడుతోంది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన మాండరిన్ బాతులు కూడా చెట్టు తొర్రలోనే పొదుగుతాయి. తొర్రలున్న ముసలి చెట్లను కొట్టేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

ప్రవేశానికి రుసుము లేదు. తోటలోకి సైకిళ్ళు తేకూడదు. బయట జింకలకు కనీసం 50 మీటర్ల దూరంలో ఉండండి, తిండి పెట్టకండి. మే నుంచి జూలై వరకు అవి ఈనే కాలం. తల్లి తన పిల్లను పొడుగు గడ్డిలో దాచి మేతకు వెళుతుంది. ఒంటరిగా పడుకున్న జింకపిల్ల కనబడితే అది తప్పిపోయిందనుకుని ముట్టుకోకండి. వెంటనే పక్కకు తప్పుకోండి.