సైకతము, తిన్నె, దిబ్బ: ఇసుకనేలల పేర్లను గూర్చిన విచారము

ఇసుకచే నేర్పడిన నేలలకు తెనుగున పేర్లు పెక్కు కలవు. తిన్నె, మేట, దిబ్బ, లంక మొదలగునవి వాడుకలోని మాటలు. సైకతము, పులినము సంస్కృతమునుండి వచ్చినవి. నిఘంటువులలో వీనిలో నొకదానికి అర్థముగా మరియొకదానిని చెప్పుట పరిపాటి. పులినమునకును సైకతమునకును ‘ఇసుకదిబ్బ’ యనియో ‘ఇసుకతిన్నె’ యనియో వ్రాసి ఊరకుందురు. ఈ పర్యాయత కావ్యములనుండి వచ్చినదే కాని నేలనుండి వచ్చినది కాదని చూపుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

మొదట అమరకోశమును చూతము. వారివర్గమున అమరసింహుడు నీటినడుమ నుండు నేలను ద్వీపమనియు, నీటినుండి పైకి తేలినదానిని పులినమనియు, ఇసుకతో గూడినదానిని సైకతమనియు చెప్పినాడు. ఈ మూడు లక్షణములకును మూడు వేర్వేరు ఆధారములు. మొదటిది ఉనికినిబట్టి, రెండవది పుట్టుకనుబట్టి, మూడవది ద్రవ్యమునుబట్టి ఏర్పడినవి. ఒకే తావు ద్వీపమును, పులినమును, సైకతమును కావచ్చును. అంతమాత్రమున మూడు మాటలకును అర్థ మొకటే యనరాదు.

ఈ భేదము చెరగిపోవుటకు కావ్యసంప్రదాయము ముఖ్యకారణముగా తోచుచున్నది. స్త్రీల పిరుదులకు సైకతమును, పులినమును ఉపమానములుగా చెప్పుట కవిసమయము. ఆ పోలికకు వలసినది విరివి, నునుపు, తెలుపు మాత్రమే. ఆ ఇసుకను నీరు తెచ్చినదా, గాలి తెచ్చినదా యను ప్రశ్నకు అచట తావు లేదు. తెనుగు కవులును ఆ త్రోవనే పోయి ఇసుకతిన్నెను ఆ స్థానమున నిలిపిరి. ఇది కవుల దోషము కాదు. ఉపమానమునకు ఒక్క గుణము సరిపోవును. ఉపమానమున కనబడిన గుణమునే పదార్థముగా గ్రహించుట నిఘంటుకారుల దోషము.

ఇక వాడుకను పరిశీలింతము. రాయలసీమలో ఇంటిముందరి అరుగును తిన్నె యందురు. పైభాగము చదునై, కూర్చుండుటకు వీలైన ఎత్తు అది. ఏటి నడుమనో ఒడ్డుననో పరచుకొన్న ఇసుకకును ఆ పేరు తగియున్నది. మేట యనునది ఆకారమును గాక జరిగిన పనిని చెప్పును. గడ్డిమేట యనినను, ఇసుక మేటవేసిన దనినను, పోగుపడుటయే ప్రధానము. వరదకు పొలము పోగొట్టుకొన్న రైతు ‘పొలములో ఇసుక మేటవేసినది’ అనును గాని ‘పొలములో తిన్నె ఏర్పడినది’ అనడు. ఆ ఇసుకపై ఒండ్రు చేరి సాగునకు వచ్చినచో, గోదావరి ప్రాంతమున దానిని లంక యందురు. బొబ్బర్లంక, ఎదుర్లంక మొదలగు ఊరిపేర్లు ఇందుకు సాక్ష్యములు. మేట, తిన్నె, లంక యనునవి ఒక్కొక్కచోట ఒకే నేలయొక్క మూడు దశలు. వీనిని పర్యాయములుగా చూపినచో ఆ నేల చరిత్రయే మరుగుపడును.

మేటను నీటికే ముడిపెట్టుటయు సరికాదు. అనంతపురము జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో వేదవతీగర్భమునుండి గాలి ఎగదోసిన ఇసుక పొలములపై మేటవేయుచున్నది. అది ఎత్తుగా పేరుకొన్నచో దిబ్బ యగును. దిబ్బ ద్రవ్యమును చెప్పదు, ఎత్తును మాత్రమే చెప్పును. కావుననే పెంటదిబ్బ, పాటిదిబ్బ, ఇసుకదిబ్బ యను సమాసములు పుట్టినవి.

విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న ఎర్రమట్టిదిబ్బలను చూడుడు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించినది. శాస్త్రజ్ఞులు వీనిని ఎర్రని ఇసుకదిబ్బ లందురు. జనులు మట్టిదిబ్బ లనిరి. దీనిని అజ్ఞాన మనుకొనుట తొందరపాటు. పొడి ఇసుక నిలువుగా నిలువదు, జారిపోవును. ఇచటి ఇసుక బంకమన్నుతోను ఇనుపధాతువుతోను కలిసి ఎర్రనై, వాననీరు కోసిన గండ్లకు ఇరువైపుల నిట్రముగా గోడవలె నిలిచియున్నది. జనుల మాట ఇసుకరేణువును విడిచి, నేల నడవడిని పట్టుకొన్నది.

ఈ విచారము నిఘంటువులకే పరిమితమైనది కాదు. 2011, 2019 సంవత్సరముల తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు సముద్రతీరపు ఇసుకదిబ్బలను మిక్కిలి సంరక్షింపదగిన మండలమున చేర్చినవి. అవి అలలతాకిడికి అడ్డుగా నిలుచును. బాపట్ల ప్రాంతపు ఇసుకనేలలలో దొరువులు త్రవ్వి తీయు మంచినీరు ఉప్పునీటిపై తేలి ఆ ఇసుకయందే నిలిచియుండును. అయితే తెనుగున దిబ్బ యనగానే పెంటయు పాడును స్ఫురించును. చెడిన ఊరిని దిబ్బయైన దందురు. చదును చేయుటకు జంకనక్కరలేని వస్తువుగా వినబడు పేరుతో ఒకదానిని కాపాడుమని చెప్పుట కష్టము. తిన్నె యని మార్చుదమన్నచో, ఏటియిసుకకు చెల్లిన మాటను గాలియిసుకకు అంటగట్టినట్లగును. కావున దిబ్బను తొలగింపరాదు. దాని అర్థమును సరిగా నిర్వచింపవలెను.

ప్రతిపదమునకును పుట్టుక, ఉనికి, ఆకృతి, ద్రవ్యము అను నాలుగు అంశములను నిఘంటువులు వేరువేరుగా చూపవలెనని నా మనవి. అమరుడు వీనిలో మూడింటిని ఏనాడో చూపినాడు. నాలుగవదగు ఆకృతిని తిన్నె, దిబ్బ యను మాటలు మనకు చూపుచున్నవి. పరిశోధక విద్యార్థులు కావ్యప్రయోగములతో తృప్తిపడక, లంకరైతులను, పడవవారిని, తీరమునందలి జాలరులను అడిగి ఈ మాటలను సేకరింపవలెను. నేలపై నడచువారి నోటిమాటలో ఇంకను నిలిచియున్న భేదమును గ్రంథములు చెరపివేయుట తగదు.