బ్యాటరీ చుట్టూ అల్లిన ప్రణాళిక

మన దగ్గర బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఎలా మొదలవుతుందో తెలిసిందే. ముందు బోర్డు కొంటారు, ఆపైన సెన్సర్లు కొంటారు, వీటితో ఏం చేద్దామన్న ఆలోచన చివర్న వస్తుంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట వెళ్తే ఆ ఆలోచన శ్రమ కూడా ఉండదు, రిపోర్టుతో సహా చేతికిస్తారు. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ మీద నిజంగా పని చేయాలనుకునే వాళ్లకి మాత్రం నేను ఒక పరిశోధన పత్రం చదవమంటాను. అమెరికాలో మెయిన్ రాష్ట్ర తీరానికి దూరంగా ఉన్న గ్రేట్ డక్ ఐలండ్ అనే దీవిలో 2002లో పెట్టిన నెట్‌వర్క్ గురించి, బర్క్‌లీ ఇంజనీర్లు అలన్ మెయిన్‌వేరింగ్, డేవిడ్ కల్లర్ తదితరులు, జీవశాస్త్రవేత్త జాన్ ఆండర్సన్ కలిసి అదే ఏడాది రాశారు. వయసు ఇరవై ఏళ్లు దాటింది, అందులోని రేడియోలూ చిప్‌లూ ఎప్పుడో పాతబడిపోయాయి. ప్రణాళిక మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ దీవిలో లీచ్స్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షి నేలలో బొరియ చేసుకుని గుడ్డు పెడుతుంది. రాకపోకలన్నీ రాత్రిపూటే. పొదగడం మొదలెట్టిన మొదటి రెండు వారాల్లో మనిషి వెళ్లి కదిలిస్తే బొరియ వదిలేసి పోయే ప్రమాదం ఉంది. నీటికాకుల కాలనీ దగ్గర మనుషులు పావుగంట తిరిగినందుకే ఆ ఏడాది గుడ్లూ పిల్లలూ 20 శాతం దాకా పోవచ్చని ఆండర్సన్ అంతకుముందే చూపించారు. అంటే అక్కడ సెన్సర్ పెట్టడం సోకు కాదు, వేరే దారి లేక. గూళ్లు కట్టే కాలం రాకముందే వెళ్లి అమర్చేయాలి, మళ్లీ ఆ వైపు పోకూడదు. బ్యాటరీ అయిపోయిందని మార్చడానికి వెళ్లే వీలు లేదు కాబట్టి తొమ్మిది నెలలు నడిచి తీరాలి. ఈ ఒక్క షరతు నుంచే మిగతా ప్రణాళిక అంతా పుట్టింది.

దానికి ముందు ఇంకో పని చేశారు, నాకు బాగా నచ్చింది అదే. ఏం కొలవగలమని కాదు, మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారని జీవశాస్త్రవేత్తల్ని అడిగారు. వచ్చిన ప్రశ్నలు మూడు. జంటలో ఒకటి పొదుగుతుంటే ఇంకొకటి సముద్రం మీదికి మేతకు పోయే ఆ 24 నుంచి 72 గంటల వంతులో బొరియ వాడకం ఎలా ఉంటుంది? ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సాగే ఏడు నెలల కాలంలో బొరియలోనూ పైనా వాతావరణం ఎలా మారుతుంది? పక్షులు ఎగబడే చోటికీ పట్టించుకోని చోటికీ తేడా ఏమిటి? ఒక్కో ప్రశ్నకీ కొలత ఎంత తరచుగా కావాలో కూడా విడివిడిగా రాసుకున్నారు. రాకపోకల వేళ పట్టుకోవాలంటే రాత్రి పొద్దుపోయాకా, తెల్లవారుజామునా ఐదు పది నిమిషాలకోసారి చూడాలి. పగటిపూట రాకపోకలు ఉండవు కనుక అప్పుడు ఆ అవసరం లేదు. బొరియకీ బయటికీ ఉన్న తేడాకైతే రెండు నుంచి నాలుగు గంటలకోసారి చాలు. మన ప్రతిపాదనల్లో కనిపించే "రియల్ టైమ్ మానిటరింగ్" అనే బరువైన మాట ఇక్కడ గంటలూ నిమిషాలుగా విడిపోయింది.

ఇక కరెంటు లెక్క. రెండు ఏఏ బ్యాటరీల జత నుంచి 2,200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) వస్తుందనుకున్నారు. తొమ్మిది నెలలకు పంచితే రోజుకు 8.148. నోడ్, అంటే సెన్సర్లూ రేడియో ఉన్న ఆ చిన్న బోర్డు, ఏ పనీ చేయకుండా నిద్రపోతున్నా కొంత తింటుంది, అది ఇంటద్దె లాంటిది, ముందే తీసి పక్కన పెట్టాలి. అదీ పోగా రోజుకు 6.9 చిల్లర మిగిలింది. ఆ నిద్ర ఖర్చు తగ్గించడానికి బోర్డు మీద వోల్టేజీని నిలకడగా ఉంచే భాగాన్నే నిద్రవేళల్లో తప్పించి, ఒక డయోడ్ గుండా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు పోయేలా చేశారు. తాము తయారు చేసిన బోర్డునే తాము కోసుకున్నారన్నమాట.

మిగిలిన ఆ 6.9 ఎలా ఖర్చవుతుందో చూపే చిన్న పట్టిక ఒకటి ఉంది. దాన్ని తీరిగ్గా చదవాలి. ఒక ప్యాకెట్ పంపడానికి 20 నానో ఆంపియర్ అవర్లు. అందుకోవడానికి 8. రేడియో తెరిచి ఎవరైనా పిలుస్తారేమోనని ఒక్క మిల్లీసెకను వినడానికి 1.25. ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాయడానికి 83 పైచిలుకు, అంటే దాచుకోవడం కంటే పంపేయడమే నాలుగు రెట్లు చవక. వినడం సంగతి ఇంకా ఘోరం. పదహారు మిల్లీసెకన్లు ఊరికే వింటే ఒక ప్యాకెట్ పంపినంత ఖర్చు. రోజంతా వింటూ కూర్చుంటే 108 ఎంఏహెచ్, తొమ్మిది నెలలు రావాల్సిన బ్యాటరీ మూడు వారాలకే ఖాళీ. దీవిలో చేసినట్టు 70 సెకన్లకో ప్యాకెట్ చొప్పున రోజంతా పంపినా ఖర్చు 0.025 ఎంఏహెచ్ దాటదు. అందుకే మొదటి విడతలో నోడ్‌లను మూగచెవిటివాళ్లలా కాక, చెవిటివాళ్లలా తయారు చేశారు. కొలుస్తాయి, చెప్తాయి, నిద్రపోతాయి. ఎవరి మాటా వినవు, పక్కవాడి సందేశం మోసుకుపోవు. ఆ రోజుల్లో పరిశోధకులంతా నోడ్‌లు ఒకదానికొకటి అందించుకునే నెట్‌వర్కుల మీద మోజుపడుతుంటే, ఇలా తగ్గించుకోవడానికి ధైర్యం కావాలి.

నోడ్‌ల గుంపు దగ్గర నుంచి బేస్ స్టేషన్‌కి డేటా చేర్చే గేట్‌వే విషయంలోనూ ఇదే తూకం. వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ ఒక పక్క, దిశ చూసుకునే యాంటెన్నా తగిలించిన మామూలు నోడ్ ఇంకో పక్క పెట్టి పోల్చారు. రెండూ వెయ్యి అడుగుల దూరం బాగానే దాటించాయి. కంప్యూటర్‌కి పెద్ద సోలార్ ప్యానెల్, బరువైన బ్యాటరీ కావాలి. నోడ్ నెగ్గింది. అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా డేటా బర్క్‌లీ చేరేది.

పైపూత దగ్గరికొస్తే, సెన్సర్ల మొహాలు వదిలేసి బోర్డంతటికీ పది మైక్రాన్ల మందాన పారిలీన్ అనే రక్షణ పూత పూశారు. బయట పెట్టేవాటికి గాలి ఆడే యాక్రిలిక్ తొడుగు వేశారు. బొరియలో పెట్టేవాటికి అదీ వేయలేదు, ఇరుకు. ఒక సెన్సర్ తీసి ఇంకోటి పెట్టినా కొత్తగా క్రమాంకనం చేయక్కర్లేనంతగా ఒకేలా చూపించేవి ఏరుకున్నారు. ధర, నాణ్యతల జాబితాల్లో సాధారణంగా ఎవరూ చూడని గడి అది.

నాకో అభ్యంతరం ఉంది. ఐదు పది నిమిషాలు చాలన్న చోట 70 సెకన్లకోసారి కొలవడం ఇంజనీర్ల ఆశ తప్ప పక్షిశాస్త్రం అడిగింది కాదు. పంపడం చవకే గానీ, తేమ సెన్సర్ కుదురుకునే దాకా దానికి కరెంటు ఇస్తూనే ఉండాలి కదా.

అంత చేసినా దీవి లొంగలేదు. 32 నోడ్‌లతో మొదలైన ఆ వేసవిలో పొగమంచు, వాన తొడుగుల్లోకి చేరాయి, చాలా నోడ్‌లు ముందే పోయాయి. ఆ డేటా తిరగేస్తే ఒక పనికొచ్చే సంగతి దొరికింది. చావబోయే నోడ్‌లో తేమ సెన్సర్ ముందుగా అసాధ్యమైన అంకెలు చెప్పడం మొదలెడుతుంది. గాలిని కొలవడానికి పెట్టింది నోడ్ ఆరోగ్యం చెప్పేదైంది. 2003లో మళ్లీ వెళ్లినప్పుడు బొరియకో రకం, బయటి వాతావరణానికో రకం నోడ్‌లు వేరువేరుగా తయారు చేసుకున్నారు. సందేశాలు ఒకదాని నుంచి ఒకటి అందుకుని పంపే పద్ధతిని, నేరుగా పంపే పద్ధతి పక్కనే ఉంచి, అప్పుడు పరీక్షించారు.