ఆ లెక్కల్లో మనమెక్కడ?

2009లో నేను పాఠం చెప్పిన ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం క్లాసులో దాదాపు సగం ఆడపిల్లలే. అంతకుముందు సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలన్నీ తప్పని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. కాంపస్‌లో ఎంపికైన మా పిల్లల చేతుల్లో ఆఫర్ లెటర్లున్నాయి, చేరే తేదీలు మాత్రం లేవు.

ఆ రోజుల్ని అర్థం చేసుకుందామని లీసా కాన్ 2010లో ప్రచురించిన పరిశోధన చదివాను. మాంద్యంలో పట్టా పుచ్చుకున్నవాళ్ళని ఆ దెబ్బ ఎంతకాలం వెంటాడుతుందన్నది ఆవిడ ప్రశ్న. 1979-89 మధ్య అమెరికాలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళ జీతాల్ని ఏళ్ళ తరబడి చూశారు. నిరుద్యోగం ఒక శాతం మేర పెరిగితే మొదట్లో జీతం ఆరేడు శాతం తగ్గింది. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ లోటు పూడలేదు. ‘నాలుగు రోజులు ఓపిక పట్టండి, అన్నీ సర్దుకుంటాయి’ అని మేం పిల్లలకి చెప్పిన మాట ఎంత తేలికైనదో ఆ అంకెలు చెప్తాయి. అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

కానీ ఎవరి జీతాలవి? తెల్లజాతి మగవాళ్ళవి మాత్రమే. ఆవిడేమీ దాచలేదు. లెక్క శుభ్రంగా తేలడానికి ఇలా ఎంచుకోవడం ఆ శాస్త్రంలో మామూలేనట. ఆడవాళ్ళుంటే లెక్క మురికవుతుందన్నమాట!

మా క్లాసులో ఒకే కంపెనీ లెటర్ వచ్చిన ఇద్దరున్నారు. అబ్బాయిని వాళ్ళ నాన్న అప్పుచేసి అమీర్‌పేటలో కోర్సుకి పంపాడు. అమ్మాయి నాన్న నా దగ్గరకొచ్చి, ‘‘ఎన్నాళ్ళని ఎదురుచూస్తాం మేడమ్, మంచి సంబంధమొచ్చింది’’ అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఉద్యోగం లేని కొడుకు ‘ప్రయత్నాల్లో’ ఉంటాడు, ఉద్యోగం లేని కూతురు ‘ఇంట్లో’ ఉంటుంది, అంతే. కంపెనీ నుంచి పిలుపొచ్చేసరికి ఆ పిల్లకి ఏడో నెల. ఆమె జీతం ఎంత తగ్గిందని కొలుస్తాం? జీతమే లేదు కదా.

జూలియానో, స్పిలింబెర్గో 2014లో ప్రచురించిన మరో పరిశోధన మనసుల్లోకి తొంగిచూసింది. పద్దెనిమిది, పాతికేళ్ళ మధ్య మాంద్యాన్ని చూసినవాళ్ళు విజయానికి కష్టం కన్నా అదృష్టమే ఎక్కువ కారణమని నమ్ముతారట. మా అబ్బాయి విషయంలో అది నిజమే. ‘‘మా బ్యాచ్ టైం బాగోలేదు మేడమ్’’ అంటాడు ఇప్పటికీ, మంచి ఉద్యోగంలో ఉండి కూడా. అమ్మాయి అలా అనదు. ‘‘నేనే ఇంకాస్త గట్టిగా అడగాల్సింది’’ అంటుంది. ఆమె బతుకుని మలుపు తిప్పింది కష్టమూ కాదు, అదృష్టమూ కాదు, అనుమతి. ఆ ప్రశ్నావళిలో దానికి గడి లేదు. గడి లేకపోబట్టే, వాల్‌స్ట్రీట్‌లో మొదలైన నేరాన్ని కూడా ఆ పిల్ల తన పిరికితనం ఖాతాలో రాసుకుంది.

పోయిన నెల ఫోన్ చేసింది. కూతురు ఇంటర్‌కొచ్చిందట, తనిప్పుడు ఏదైనా ఉద్యోగానికి అప్లై చేద్దామనుకుంటోందట. ‘‘రెజ్యూమెలో ఇన్నేళ్ళ గ్యాప్‌కి కారణం ఏం రాయను మేడమ్?’’ అనడిగింది. ‘మాంద్యం’ అని రాయమన్నాను. నవ్వింది. ‘‘అది అప్పుడే అయిపోయింది కదా మేడమ్’’ అంది.